పెద్దమ్మ కట్టని పెట్టె

ఆ సూపర్‌వైజర్‌ని తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మార్కాపురంలో మేం పనిచేసే పలకల షెడ్డుకు వచ్చి వారమైనా కాలేదు, ముప్పై ఏళ్లుగా పెట్టెలు కడుతున్న మా పెద్దమ్మకు పెట్టె కట్టడం నేర్పడానికి తయారయ్యాడు.

పెద్దమ్మంటే మా అమ్మకు అక్క కాదు. మా పేటలో చర్చి పక్కింటామె. నన్ను పనిలో పెట్టించింది ఆమే. గోడలకు అతికించే రాతిపలకలను చెక్కపెట్టెల్లో సర్ది, పెట్టెలను పాలెట్ అనే చెక్క దిమ్మ మీద బిగించి, చెన్నై ఓడరేవుకు లారీ ఎక్కించడం మా పని. పలకను అంచు మీద నిలబెట్టాలి. వరుసల మధ్య అట్ట పెట్టాలి, సందు మిగిలితే చెక్కముక్క దూర్చాలి. అంతా అయ్యాక పెద్దమ్మ చెక్కసుత్తితో పెట్టె పక్కన ఒక్క దెబ్బ వేసి చెవి ఆనించేది. లోపల గలగలమంటే మొత్తం విప్పాల్సిందే. చప్పుడు లేకపోతేనే మూత కొట్టి, పైన బలపంతో గుర్తు గీయాలి. పెద్దమ్మ గుర్తు సిలువ. మేమిద్దరం జంటగా కట్టేవాళ్లం కాబట్టి ఆ సిలువ గీసేది నేనే.

"పడుకోబెట్టి పేర్చండి, ఎక్కువ పడతాయి. పైన ప్లాస్టిక్ ఫిల్మ్ చుడితే కదలవు" అన్నాడు సూపర్‌వైజర్.

"పడుకోబెడితే బరువంతా కింది పలక మీదనే పడతాది నాయనా. లారీ గుంతలో ఎగిరిందంటే పగలక ఏం చేస్తాది? నీ ఫిల్మ్ దుమ్మునాపుతాది గానీ బరువునాపుతాదా?" అంది పెద్దమ్మ.

"నువ్వు కట్టకపోతే కట్టేవాళ్లే లేరా?"

పెద్దమ్మ సుత్తి పక్కన పెట్టింది. లేచి పోయి గోడవారగా కూర్చుని అట్టలు కోయసాగింది. నేను లేవలేదు. నా పని పోతే ఇంట్లో పొయ్యి వెలగదని భయం. తలవంచుకుని అతను చెప్పినట్లే పేర్చాను. సుత్తి దెబ్బ వేయలేదు, చెవి ఆనించలేదు. మూత కొట్టగానే మాత్రం నా చెయ్యి అలవాటు కొద్దీ సిలువ గీసేసింది.

లారీ దారిలో కొనకనమిట్ల ఊరైనా దాటలేదు. రోడ్డుకు అడ్డంగా మేకలు వస్తే డ్రైవర్ బ్రేకు వేశాడట, లోడంతా ఒక పక్కకు జరిగింది. మర్నాడు పొద్దున పాలెట్లు వెనక్కి వచ్చాయి. పెట్టె విప్పితే కింది వరుసలు ముక్కలు ముక్కలు. మా షావుకారు వచ్చి చూశాడు. సూపర్‌వైజర్ వేలు నేరుగా మూత మీదికే పోయింది.

"చూడండి సార్. ఈమె గుర్తే."

"ఏందమ్మా, నీ చేతి పని ఇట్ల అయిందేంది?" అన్నాడు షావుకారు.

పెద్దమ్మ సిలువను చూసింది, తర్వాత నన్ను చూసింది. నేను ముందుకొచ్చాను. "ఆ గుర్తు నేను గీసినా అయ్యా. పెద్దమ్మ ఆ పెట్టెను ముట్టుకోనే లేదు. పడుకోబెట్టమన్నది ఈ సూపర్‌వైజర్ సారే!"

"సరే సరే, ఇంకమీద ఇద్దరూ జాగ్రత్తగా ఉండండి" అన్నాడు షావుకారు. ఇద్దరూ అంటే నేనూ పెద్దమ్మా. సూపర్‌వైజర్‌ని ఒక్క మాట కూడా అనలేదు. ఆ ముక్కలు తీసి వాళ్లిద్దరి మొహాన కొట్టాలనిపించింది.

పెద్దమ్మ తన సుత్తి తెచ్చి నా చేతిలో పెట్టింది.

"నేను కట్టని పెట్టె మీద నా గుర్తు ఎందుకు గీసినావు పాపా?"

ఆమె టిఫిన్ డబ్బా తీసుకుని వెళ్లిపోయింది. మళ్లీ షెడ్డుకు రాలేదు.

ఇప్పుడు మా షెడ్డులో పలకలను మళ్లీ నిలబెట్టే పేరుస్తున్నాం. అది తన పద్ధతేనని ఆ సూపర్‌వైజర్ పెద్దమనిషి కాగితం రాయించి గోడకు అతికించాడు, సిగ్గు లేకుండా. సుత్తి దెబ్బ సంగతి అందులో లేదు. ఆ దెబ్బ నేను వేస్తాను. చెవి ఆనించి విన్నాకే గుర్తు గీస్తాను, ఒక అడ్డగీత. సిలువ గీయడానికి చెయ్యి రాదు.

పెద్దమ్మ ఆదివారం చర్చిలో ఇప్పటికీ నా పక్కనే కూర్చుంటుంది. మొన్న ఉండబట్టలేక, మళ్లీ పనికి రమ్మని అడిగాను. తిట్టినా బాగుండేది.

"పాస్టరయ్యగారు వస్తాండాడు, గమ్మునుండు" అని బైబిలు తెరిచింది.