మిల్లీగ్రాముగారి ట్యాబ్ బేరం

తూనికలు కొలతల ఆఫీసులో ఇరవై ఎనిమిదేళ్లుగా ఇన్‌స్పెక్టరుగా ఉన్న మనిషికి అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఉండే ఉంటుంది. మార్కెట్లో దాన్ని ఎవరూ వాడరు. ఆయన వీధి మలుపు తిరిగితే చాలు, "మిల్లీగ్రాముగారు వస్తున్నారు, తక్కెడ తుడవండి!" అని కొట్టు నుంచి కొట్టుకు కబురు పాకుతుంది. ఆ పేరంటే ఆయనకు కోపం లేదు. కిలోగ్రామని పిలిస్తే బాధపడేవారేమో.

ఆఫీసులో ఈ గుణానికి మెప్పు వచ్చింది. ఇంట్లో మాత్రం తిప్పలే వచ్చాయి. గొడుగు కొనాలని బయల్దేరితే బట్ట మందమెంత, పుల్లలెన్ని, పిడి బరువెంత అని తేల్చుకోవడానికి రెండు వానాకాలాలు పట్టాయి. రెండింట్లోనూ తడిశారు. పెళ్లి మాటేమిటంటారా? ఆ విషయంలో కూడా ఆయన మీనమేషాలు లెక్కిస్తూ నిలబడితే, అన్నయ్యే రెక్క పట్టుకుని లాక్కెళ్లి మాట ఖాయం చేసుకొచ్చాడు. లేకపోతే పోస్టాఫీసు కౌంటర్లో పనిచేసే ఆ చురుకైన ఇల్లాలు ఆయనకు దక్కేదే కాదు.

ఆ అన్నయ్య బస్సు కండక్టరు. అమ్మ పోయాక తమ్ముణ్ణి పెంచి చదివించినవాడు. తను పెళ్లి చేసుకోలేదు, తమ్ముడింట్లోనే ముందు గదిలో ఉండేవాడు. ఆ గొంతు గురించి చెప్పాలంటే, బస్సు ఇంకా వంతెన మీద ఉండగానే స్టాపులో ఉన్నవాళ్లు చిల్లర తీసి పట్టుకునేవారు. ఎక్కాలా వద్దా అని మెట్టు దగ్గర తటపటాయించేవాళ్లను చూస్తే ఆయనకు ఒళ్లు మండేది. బస్సు రేకు మీద అరచేత్తో రెండు దెబ్బలు వేసి, "ఎక్కేవాళ్లు ఎక్కండి! ఆలోచించేవాళ్లు తరవాతి బస్సుకు రండి!" అని అరిచేవాడు. రిటైరయ్యాక కూడా ఇంట్లో అదే గొంతు. "కాస్త మెల్లగా మాట్లాడు అన్నయ్యా, ఇక్కడ యాభైమంది లేరు," అని మిల్లీగ్రాముగారు రోజుకు నాలుగుసార్లయినా విసుక్కునేవారు.

ఒక ఉదయం గడ్డం గీసుకుంటూ అన్నయ్య పడిపోయాడు. పక్షవాతం కుడిచేతినీ, మాటనీ పట్టుకుపోయింది. తెలివి చెక్కుచెదరలేదు. ఎదుటివాళ్లు చెప్పే ప్రతి మాటా అర్థమవుతుంది. తిరిగి చెబుదామంటే "బా" అన్న శబ్దం తప్ప ఏదీ రాదు.

నెల తర్వాత ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు మాటలు నేర్పే డాక్టరమ్మ తేలికగా అర్థమయ్యేట్టు చెప్పింది.

"ఒక ట్యాబ్ కొనండి. అందులో బొమ్మలు పెట్టిస్తాను. ఏ బొమ్మ నొక్కితే ఆ మాట పలుకుతుంది. ఎడంచేత్తో నొక్కుతారు, వింటారు, విని విని తనూ ఒకటో రెండో మాటలు అనొచ్చు. మొదటి ఆరు నెలలూ చాలా ముఖ్యం, అందులో ఒకటి అయిపోయింది. కొత్తదైనా పాతదైనా పర్లేదు. బొమ్మ కనపడాలి, మాట వినపడాలి. అంతే."

ఆవిడ అన్నిటి గురించీ చెప్పింది. మిల్లీగ్రాముగారి చెవికి మాత్రం "కొత్తదా, పాతదా" అన్న ముక్కే ఎక్కింది.

ఆ సాయంత్రమే ఆఫీసు నుంచి గీతల కాగితాలు తెచ్చి పట్టిక మొదలుపెట్టారు. ఎడమవైపు కొత్త మోడళ్లు, కుడివైపు పాతవి. బరువు, మందం, తెర వెలుతురు, బ్యాటరీ, ఎన్నేళ్లు పనిచేస్తుంది, కింద పడితే ఏమవుతుంది, పడకపోతే ఏమవుతుంది. మొదటివారం ఒక కాగితం. నెల తిరిగేసరికి కాగితాలు ఒకదానికొకటి అంటుకుని, భోజనాల బల్ల దాటి, గోడెక్కి, వంటగది గుమ్మం దాకా పాకాయి. కొత్తది కొందామంటే, వచ్చే నెల ఇంకా కొత్తది వస్తోందట. అది వచ్చాక ఇప్పటి కొత్తది పాతదై చవకవుతుంది కనుక ఆగడం తెలివైన పని. ఆగారు. అది వచ్చింది. తీరా చూస్తే ఆయన కన్నేసిన పాతది అంగట్లో మాయమైంది. సరే, వచ్చిందే కొందామంటే ఇంకొకటి దారిలో ఉందని కబురు. ఆయన కొత్త కాగితం అంటించారు.

"ఏమండీ, బావగారికి కావలసింది బొమ్మలు నొక్కడానికి," అంది భార్య. "దాంతో ఉపగ్రహం నడపరు."

"తొందరపడితే ఎలా? ఒకసారి కొంటే పదేళ్లుండాలి."

"వస్తువుండాలా, మనిషుండాలా?"

ఈ గడి పట్టికలో లేదు.

ఈలోగా అన్నయ్య చెంచాతో కంచం మీద కొట్టి సంగతులు చెప్పేవాడు. ఒక దెబ్బంటే నీళ్లు, రెండంటే రేడియో. మూడో సంగతి వస్తే ఇక అందరూ తలలు పట్టుకోవాల్సిందే. ఒక ఆదివారం మిల్లీగ్రాముగారే స్వయంగా అన్నయ్యకు కొత్త చొక్కా తొడిగారు. కాసేపటికి అన్నయ్య చెంచా మోగించడం మొదలుపెట్టాడు. నీళ్లిచ్చారు. వద్దన్నాడు. రేడియో పెట్టారు, తోసేశాడు. కళ్లజోడు, దుప్పటి, పత్రిక అన్నీ తెచ్చారు. ఫ్యాను వేశారు, ఆపారు. మధ్యాహ్నం దాకా "బా, బా" అని, చివరికి గోడవైపు తిరిగి పడుకుని ఏడ్చాడు. ముప్పై ఏళ్లు బస్సులో తాగుబోతులనూ జేబుదొంగలనూ గడగడలాడించిన మనిషి చిన్నపిల్లాడిలా ఏడుస్తుంటే, తమ్ముడికి కాళ్లూ చేతులూ ఆడలేదు.

సాయంత్రం చొక్కా విప్పుతుంటే మరదలి వేలికి ఏదో గుచ్చుకుంది. కాలరు వెనక గుండుసూది. కొత్త చొక్కా మడతలో దుకాణంవాడు పెట్టింది, తొడిగే ముందు తమ్ముడు తీయనిది. మెడ వెనక చర్మం ఎర్రగా కమిలిపోయి ఉంది.

ఆవిడ ఆ సూదిని తెచ్చి పట్టిక మధ్యలో, సరిగ్గా "బరువు" అన్న గడిలో పెట్టింది.

"తూచండి దీన్ని," అంది.

మిల్లీగ్రాముగారికి మొదటిసారి తన పేరు తనకే గుచ్చుకుంది. సిగ్గుతో ఆయన అన్నం ముట్టలేదు. మర్నాడు సెలవు పెట్టి, పెద్ద వీధిలోని పెద్ద షాపుకు వెళ్లి, "కొత్తది. పదకొండు అంగుళాలది. ఇవ్వండి," అన్నారు. సేల్స్‌మన్ పెట్టె తెరిచి ట్యాబ్ చేతిలో పెట్టాడు. చక్కగా ఉంది. బొమ్మ కనపడింది, మాట వినపడింది. బిల్లు కొట్టడమే తరువాయి.

కానీ పులి గడ్డి మేస్తుందా? ఆయన చెయ్యి ఆయనకు తెలియకుండానే సంచిలోకి వెళ్లి ఇత్తడి స్కేలు తీసింది. తెరను ఆ మూల నుంచి ఈ మూలకు కొలిచారు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ కొలిచారు.

"రెండు మిల్లీమీటర్లు తక్కువుంది."

"మూలలు గుండ్రంగా ఉంటాయి కదా సార్. అక్కడ మూల ఉందనుకుని కొలిస్తే సరిపోతుంది."

"లేనిది ఉందనుకోవడానికి నేనేమైనా కవినా? తూనికల ఇన్‌స్పెక్టర్ని!"

అప్పటికీ ఆయన మనసు అడ్డుపడింది, కాదనను. గుండుసూది గుర్తొచ్చింది. కానీ ఇరవై ఎనిమిదేళ్ల అలవాటు గుండుసూది కంటే పదునైంది. నోటీసు పుస్తకం బయటికొచ్చింది. పెట్టె మీద చెప్పిన కొలతకూ లోపల ఉన్న కొలతకూ తేడా. సరుకు సాక్ష్యంగా స్వాధీనం. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వలేదన్నట్టు, చేతిలోకొచ్చిన ట్యాబ్‌ను తిరిగి పెట్టెలో పెట్టి, గుడ్డలో చుట్టి, లక్క కరిగించి, నాలుగువైపులా తనే ముద్ర వేసి, ఆఫీసు బీరువాలో పెట్టి తాళం వేశారు. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటూ, "దొరికింది. కానీ సాక్ష్యం," అన్నారు.

భార్య మర్నాడు పోస్టాఫీసులో భోజనాల విరామంలో లేచి, పక్క సందులో పాత ఫోన్లు బాగుచేసే ఆవిడ దగ్గరకు వెళ్లింది.

"ఏదైనా పాత ట్యాబ్ ఉందా? బొమ్మ కనపడాలి, మాట వినపడాలి."

"నాలుగేళ్లదొకటి ఉంది. మూల కాస్త పగిలింది, పని మాత్రం బాగా చేస్తుంది."

ఈవిడ నొక్కింది. కనపడింది. చెవి దగ్గర పెట్టుకుంది. వినపడింది. కొనేసి, డబ్బాలో అన్నం కూడా తిని, టైముకు కౌంటర్లో కూర్చుంది. అంతా కలిపి పావుగంట.

సాయంత్రం మిల్లీగ్రాముగారు పగిలిన మూలను చూసి స్కేలు కోసం తడుముకున్నారు. భార్య స్కేలును ఎక్కడ దాచిందో ఈనాటికీ తెలియదు.

డాక్టరమ్మ ఇంటికొచ్చి బొమ్మలు పెట్టింది. అన్నయ్య ఎడమచేతి వేలు మెల్లగా వెళ్లి గ్లాసు బొమ్మ మీద ఆగింది. ఎవరో పరాయి ఆడగొంతు "నీళ్లు" అంది. అన్నయ్య ఉలిక్కిపడ్డాడు. మళ్లీ నొక్కాడు. నీళ్లు. మళ్లీ నొక్కాడు. దాహం లేకపోయినా ఆ పూట నాలుగు గ్లాసులు తెప్పించుకుని తాగాడు. అడిగినది అడిగినట్టు రావడంలో ఉన్న సుఖం ఆరు నెలల తర్వాత ఆయనకు దొరికింది.

డాక్టరమ్మ నోట్లో చెక్కపుల్ల పెట్టి చూసింది, పెదవులు కదిలించమంది, చాలాసేపు పరీక్షించింది. గుమ్మం దగ్గర మిల్లీగ్రాముగారితో నెమ్మదిగా అంది: "అభ్యాసం చేయిస్తాం. కానీ నోటిమాట మీద నాకు పెద్ద ఆశ లేదండీ. మొదట్లోనే ఇది ఉండుంటే..."

"ఉండుంటే ఎంత తేడా వచ్చేది?" అని అడిగారాయన. అలవాటు.

"ఆ కొలత నా దగ్గర లేదు," అంది ఆవిడ. చెప్పులేసుకుంటూ మరో మాట కూడా చెప్పింది. "ఆ ఆడగొంతు ఆయనకు నచ్చినట్టు లేదు. ఇంట్లో మగగొంతుతో రికార్డు చేసి పెట్టండి. ఆయన మాట పాతది ఎక్కడైనా ఉంటే ఇంకా మంచిది."

వెతికారు. ఫోన్లన్నీ వెతికారు. ఫొటోలున్నాయి, మాట ఎక్కడా లేదు. ఊరంతా విన్న గొంతు కదా, దాచిపెట్టాలని ఎవరికి తడుతుంది? రోజుకు నాలుగుసార్లు "మెల్లగా" అన్న మనిషికి అసలే తట్టదు. మిల్లీగ్రాముగారు బల్ల దగ్గర కూర్చుని రెండు చేతుల్లో ముఖం పెట్టుకున్నారు. ఆయన ఏడవడం ఆ ఇల్లాలు చూడడం అదే మొదలు.

తర్వాత లేచి ముఖం కడుక్కుని, తన గొంతే ఇవ్వడానికి అన్నయ్య పక్కన కూర్చున్నారు. నీళ్లు. నొప్పి. రేడియో. చొక్కా. ఆయన ప్రతి మాటనూ నోటీసు చదివినట్టు చదివారు. అన్నయ్య పొట్ట పట్టుకుని శబ్దం లేకుండా నవ్వాడు. ట్యాబ్‌లో నలభై గడులు నిండాయి. చివర ఒక్కటి ఖాళీగా మిగిలింది.

అన్నయ్య బస్సు బొమ్మ నొక్కాడు.

"బయటికెళ్దామా బావగారూ?" అంది మరదలు.

కాదని తల ఊపాడు. మళ్లీ బస్సు నొక్కి, తమ్ముడివైపు వేలు చూపించి, ఖాళీ గడి చూపించాడు. వాళ్లు తెల్లమొహం వేశారు. అప్పుడు ఎడమ అరచేయి ఎత్తి మంచం పక్కనున్న రేకు పెట్టె మీద ఫట్, ఫట్ అని రెండు దెబ్బలు వేశాడు.

తమ్ముడికి అర్థమైంది. గొంతు సవరించుకుని, "ఎక్కేవాళ్లు ఎక్కండి, ఆలోచించేవాళ్లు తరవాతి బస్సుకు రండి," అన్నారు. అన్నయ్య తల అడ్డంగా ఊపి, చెయ్యి పైకి లేపాడు. ఇంకా గట్టిగా. మళ్లీ చెప్పారు. ఇంకా. మూడోసారి మిల్లీగ్రాముగారు లేచి నిలబడి, పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ అరవనంత గట్టిగా అరిచారు. ఎదురింటివాళ్లు కిటికీలోంచి తొంగిచూశారు. అన్నయ్య సరేనన్నాడు.

వారం తర్వాత సాయంత్రం ట్యాబ్‌కు తొడగడానికి ఒక కవరు కొనాలని మిల్లీగ్రాముగారు రెండు రకాలు తెచ్చి బల్ల మీద పరిచారు. వద్దనుకున్నది తిరిగి ఇచ్చేయొచ్చట. నల్లది పల్చన, గోధుమరంగుది మందం. నల్లదానికి కుట్టు గట్టి, గోధుమరంగుదానికి మూసే బిళ్ల గట్టి. ఆయన చెయ్యి నెమ్మదిగా ఒక తెల్లకాగితం లాక్కుంది. మధ్యలో నిలువుగా ఒక గీత గీసింది.

ముందు గదిలోంచి ఆయన గొంతే ఆయన మీద విరుచుకుపడింది: "ఎక్కేవాళ్లు ఎక్కండి! ఆలోచించేవాళ్లు తరవాతి బస్సుకు రండి!"

మిల్లీగ్రాముగారు చేతికందిన కవరు తీసుకుని అన్నయ్య గదిలోకి పరిగెత్తారు. అది నల్లదో గోధుమరంగుదో, తొడిగేదాకా చూడలేదు.