ఎండాకాలంలో నేలకు హీటరట!

ఒక్క రంధ్రంతో ఎడారిలో చెరువు తవ్విన మొనగాణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఈ రాత అతనిదే. కాస్త దూరం జరిగి కూర్చోండి, తడుస్తారు.

దోహాలో నేను కార్పెట్ పనిలో చేరిన మొదటి వేసవి అది. మేముండే క్యాంపులో సీనియర్లు కొత్తవాణ్ణి ఆటపట్టించకుండా వదలరు. నన్నైతే "నీళ్లు ఎండబెట్టే పొడి పట్టుకరా పో" అని స్టోరుకు పంపారు. స్టోరువాడు నవ్వకుండా "అయిపోయింది, అవతలి స్టోరుల అడుగు" అన్నాడు. మిట్టమధ్యాహ్నం ఎండలో తిరిగి తిరిగి వచ్చాక గానీ అలాంటి పొడే లేదని నాకు వెలగలేదు. మూతి కాలిన పిల్లి మజ్జిగను కూడా ఊదుకుని తాగుతుందంటారు. నేను మజ్జిగ కనిపిస్తేనే పారిపోయే పిల్లినయ్యాను. ఇక ఎవరేం చెప్పినా నమ్మకూడదనుకున్నాను.

సరిగ్గా అప్పుడే దోహా పక్కనున్న ఉమ్ సలాల్‌లో ఒక విల్లాలో పని పడింది. యజమాని తల్లి మోకాళ్ల వైద్యం చేయించుకుని ఆ సాయంత్రం ఆసుపత్రి నుంచి వస్తోంది. ఆలోపు ఆమె గదిలో కార్పెట్ పడాలి. మా ఫోర్‌మన్ లతీఫ్ భాయ్‌ది నిజామాబాద్. నన్ను గుమ్మంలో నిలబెట్టి మరీ చెప్పాడు.

"అరే రాజేశం, ఈ నేల కింద వేడినీళ్ల పైపులున్నయ్. మేకు కొట్టకు, డ్రిల్లు పెట్టకు. అంచులు గమ్ తోటే అతికియ్యి. కింద ఫోము పల్చటిదే వెయ్యి, మందందైతే వేడి మీదికి రాదు."

"వేడెందుకు భాయ్?"

"చలికాలం అమ్మకు మోకాళ్లు గుంజుతయట. నేల వెచ్చగుండాలె."

మీరే చెప్పండి. బయట అడుగేస్తే చెప్పులు తారుకు అతుక్కుంటున్నాయి. మిద్దె మీది ట్యాంకు కాగిపోయి, చన్నీళ్ల కుళాయి తిప్పినా చాయ్‌కి సరిపోయే నీళ్లు వస్తున్నాయి. ఇలాంటి దేశంలో నేలకు హీటరా! ఓహో, ఇది రెండో పొడి అనుకున్నాను.

"సరే భాయ్," అన్నాను బుద్ధిమంతుడిలా. ఆయన గమ్ డబ్బాలు తేవడానికి బండి దగ్గరికి వెళ్లాడు.

నేను నేలకు చెవి ఆనించాను. చప్పుడు లేదు. అరచేత్తో తడిమాను. చల్లగా ఉంది. హీటరున్న నేల చల్లగా ఉంటుందా? (వేసవిలో హీటరు ఎవరూ వెయ్యరన్న ముక్క నా బుర్రకు తట్టలేదు.) అసలు లోపల ఏముందో చూడకపోతే అన్నం సహించేలా లేదు. ఒక్క రంధ్రం పెడితే పోలా? ఏమీ లేదని తేలితే ఈసారి లతీఫ్ భాయ్‌ని చూసి క్యాంపంతా నవ్వుతుంది. గుమ్మం దగ్గర డ్రిల్లు ఆనించాను. గదిలోకి పోయే పైపులన్నీ ఆ గుమ్మం కిందినుంచే దూరతాయని తర్వాత తెలిసింది.

చిమ్మింది! తిన్నగా ముఖానికే చిమ్మింది. బొటనవేలితో మూస్తే చంకలోకి, మడమతో తొక్కితే ప్యాంటులోకి.

"భాయ్! పైపులు నిజమే!" అని కేక పెట్టాను.

లతీఫ్ భాయ్ పరుగెత్తుకొచ్చాడు. "యా అల్లా! నేనేం జెప్పిన, నువ్వేం జేసినవ్ రా?"

"మజాక్ చేస్తున్నవనుకున్న భాయ్!"

"మజాకా? ఇగో ఇప్పుడు జేస్త మజాక్. పో, నీళ్లు ఎండబెట్టే పొడి పట్టుకరా!"

సిగ్గుచేటేమిటంటే, ఆ కంగారులో నేను నిజంగానే నాలుగడుగులు వేశాను.

ఆయన వాల్వు కట్టేసేసరికి గది చెరువైంది. అదే నిమిషంలో బయట కారు ఆగింది. ఉద్యోగం ఊడినట్టే, ఊరికి టికెట్టు చేతిలో పెట్టినట్టే. మా ఊళ్లో గల్ఫ్ ఎక్కడైనా దుబాయే. "మావోడు దుబాయ్ పోయిండు" అని ఊరంతా చెప్పుకుంటున్న అమ్మకు ఏ ముఖం చూపించాలి?

చక్రాల కుర్చీలో ముసలమ్మ గుమ్మం దాకా వచ్చింది. నీళ్లు చూసి కొడుకు ముఖం కందగడ్డయింది. ఆమె మాత్రం మెల్లగా కాలివేళ్లు నీళ్లలో ముంచింది. "బారిద్!" అంది. మళ్లీ "బారిద్, బారిద్!" అంటూ పకపకా నవ్వింది. తల్లి నవ్వాక కొడుకేం చేస్తాడు, ఆయనా నవ్వాడు.

"ఏమంటున్నది భాయ్?" అన్నాను.

"చల్లగున్నయంటున్నది రా! ఎండాకాలం మొదలైనసంది ఈ ఇంట్ల చల్లటి నీళ్లొచ్చుడు ఇదే మొదలట. అదీ హీటరు పైపులకెల్లి!"

ఆ నవ్వే నా ఉద్యోగాన్ని కాపాడింది. ప్లంబరు వచ్చి పైపు అతికించాడు. నేల ఆరాక పల్చటి ఫోము వేసి, అంచులన్నీ గమ్‌తో అంటించాను. మేకుల డబ్బా వైపు కన్నెత్తి చూడలేదు.

కాబట్టి గమ్ డబ్బా మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. నేల కింద పైపులున్నాయన్నా, ఏనుగులున్నాయన్నా ఇక తవ్వి చూడకుండానే నమ్ముతాను. మొన్న లతీఫ్ భాయ్ ఆకాశానికి కూడా ఫోము వెయ్యాలన్నాడు.

"పల్చటిదా, మందందా భాయ్?" అని అడిగాను.