పావుకిలో తరుగు

మా ఆడపడుచు చేతి కేకు తిన్నవాళ్లెవరూ రెండో ముక్క అడక్కుండా లేవరు. ధర దగ్గరికొచ్చేసరికి మాత్రం అందరికీ గొంతు పూడుకుపోతుంది. ఇరవై ఏళ్లు హాస్టలు వంటగదిలో చాకిరీ చేసి, అది మూతపడ్డాక చేతికొచ్చిన డబ్బుతో పాత ఓవెనొకటి కొని మా వెనక గదిలో పెట్టుకుంది. ఒంటరి మనిషి. దాని బతుకుతెరువంతా ఆ ఓవెనే.

ఈమధ్య జనానికి కొత్త తెలివి పుట్టింది. మైదా, వెన్న, గుడ్లు, పంచదార సంచిలో తెచ్చి గుమ్మంలో దింపి, సరుకంతా మాదేగా, నువ్వు కలిపి పెట్టడమేగా అంటారు. ఆ మాట వింటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. వాళ్ల సరుకైతే పని తగ్గదు, పెరుగుతుంది. ఏనాటి మైదానో జల్లించాలి. వెన్న వాసన చూడాలి. ఒక్కో గుడ్డూ విడిగా గిన్నెలో కొట్టి చూడాలి. ఇంతా చేసి మా పిచ్చిది సగం ధరే తీసుకునేది.

కిందటి నెల కాంట్రాక్టరు పెళ్లాం అలాగే సంచి దింపింది. కేకు పట్టుకెళ్లడానికి వచ్చినప్పుడు తూకం మిషను కూడా వెంట తెచ్చి, మెట్ల మీదే తూచింది. ఇచ్చిన సరుకు రెండు కిలోలట, కేకు పావుకిలో తక్కువట.

"మిగిలింది ఎక్కడ దాచావమ్మా?" అంది, నాలుగిళ్లకూ వినపడేలా.

పాలు మరిగిస్తే తగ్గుతాయని మూడో తరగతి దాటని నాకే తెలుసు. పైగా ఆ మహాతల్లి గుడ్లను పెంకులతో సహా తూచింది. పెంకులు కూడా కేకులో వెయ్యాల్సిందేమో. నేను నోరు విప్పబోతే మా ఆడపడుచు నా చెయ్యి పట్టుకుని ఆపింది. ఆ పూట అన్నం ముట్టలేదు. మెట్ల మీద అన్న మాట వీధి చివరిదాకా పాకి, వారం తిరక్కుండా మూడు ఆర్డర్లు పోయాయి.

పదిహేను రోజులకి ఆవిడే మళ్లీ సంచితో దిగింది. చుట్టాలకు నచ్చిందట, అలాంటిదే ఇంకోటి కావాలట. మనిషన్నాక కాస్త సిగ్గుండాలి. తలుపు మొహాన వెయ్యబోయాను.

"ఉండు వదినా," అంది మా ఆడపడుచు. ఆవిడ వైపు తిరిగి, "మీ మిషను తెచ్చారా? లోపలికి రండి," అంది.

ఓవెను ఎదురుగా స్టూలు వేసి కూర్చోబెట్టింది. పిండి పోసిన గిన్నెను ఆవిడ చేతే తూయించి, ఆ అంకెను ఆవిడ చేతే గోడ మీద పెన్సిలుతో రాయించింది. గిన్నె లోపలికెళ్లింది. గంటసేపు ఆవిడ ఆ సెగలో కూర్చుంది. జాకెట్టు తడిసి వీపుకంటుకుంది. ఫ్యాను స్విచ్చు నా చేతి పక్కనే ఉంది. వెయ్యలేదు. బయటికి తీశాక మళ్లీ తూయించింది. బరువు తగ్గింది. మధ్యలో ఎవరూ కొరకలేదని ఆవిడ కళ్లారా చూసింది.

ఎంతివ్వాలని గొణిగింది.

"మొత్తం ధర. సరుకు మీదైనా నాదైనా ఇకనుంచి ఒకటే. వెళ్లేటప్పుడు ఆ పావుకిలో ఏమైందో మెట్ల మీద మీరే చెప్పి వెళ్లండి."

డబ్బు బల్ల మీద పెట్టి, కేకు పట్టుకుని దిగింది. మూడో మెట్టు మీద ఆగి, ఓవెన్లో తగ్గిందండీ, ఆవిడ తియ్యలేదు అంది, పిల్లిగొంతుతో.

"వినపళ్లేదు," అన్నాను పైనుంచి.