బంతి మోగకముందే

నేను "ప్లే" అని రాకెట్ ఊపేలోపలే ఆ అమ్మాయి కాళ్ళు కదిలేవి. బంతి ఇంకా నా చేతిలోనే ఉండేది. అయినా నెట్‌కు అవతల బూట్ల కింద ఇసుక నలిగిన చప్పుడు వినిపించేది. రెండంగలు, అదీ సరిగ్గా నేను కొట్టబోయే వైపుకే. ఒకసారైతే అదృష్టం అనుకుంటాం. నాలుగు వారాలు అదే జరిగితే ఏమనుకోవాలి?

నేను అనుకున్నది ఒక్కటే. ఈ పిల్లకు చూపు ఉంది.

నాకు ఆరో ఏట చూపు పోయింది. నలభై దాటాక టెన్నిస్ నేర్చుకున్నాను. మా బంతి స్పాంజిది. లోపల ప్లాస్టిక్ గుండు, అందులో చిన్న ఇనుప గోళీలు ఉంటాయి. ఎగిరినా దొర్లినా గలగలమంటుంది. గీతల కింద దారం పరిచి పైన టేపు అంటిస్తారు. అది పాదానికి తగిలితే ఎక్కడున్నామో తెలుస్తుంది. సర్వీసు చేసే మనిషి "రెడీ?" అనాలి. అవతలి మనిషి "యెస్" అన్నాక "ప్లే" అని కొట్టాలి. పూర్తిగా కనపడని వాళ్ళ విభాగంలో బంతి మూడుసార్లు నేలను తాకేదాకా తిరిగి కొట్టడానికి సమయం ఉంటుంది. ఆ విభాగంలో ప్రతి ఒక్కరూ కళ్ళకు నల్ల గంత కట్టుకోవాల్సిందే. కొందరికి కాస్త వెలుతురు తెలుస్తుంది, కొందరికి అదీ తెలియదు. గంత కడితే అందరూ ఒకటే.

శనివారం సాయంత్రాలు బళ్ళారిలో ఒక బడి ఆవరణలో ఆడేవాళ్ళం. సామాను చూసుకునే పని నాది. మాకున్నవి మూడు బంతులు. ఒకటి చినిగితే బ్రూస్‌పేటలో చెప్పులు కుట్టే ఆయనతో అతికించి తెచ్చాను. దాని మోత మొద్దుబారింది కాబట్టి పోటీకి వాడకూడదని పట్టుబట్టాను. దారం ఎక్కడైనా అణిగిపోయిందేమోనని మోకాళ్ళ మీద కూర్చుని గీత పొడవునా వేలితో తడిమి చూసేదాన్ని. "అక్క పరీక్ష పెడితే దారం కూడా ఫెయిలైపోతాది" అని మిగతావాళ్ళు నవ్వేవాళ్ళు. నవ్వనీ అనుకునేదాన్ని. సామాను సరిగా లేని చోట గెలుపు ఎవరిదో దేవుడికే తెలియాలి.

ఆ ఏడాది బెంగళూరు పోటీకి మా విభాగం నుంచి ఆడవాళ్ళలో ఒక్కరినే పంపుతామన్నారు. ఆడి ఆడి చివరికి ఇద్దరం మిగిలాం. ఒకరు నేను. రెండో మనిషి కప్పగల్లు నుంచి వచ్చే ఈ అమ్మాయి. వయసు ఇరవై రెండు. ఇంట్లో అందరూ మిరప చేలకు కూలికి పోతారు. వాళ్ళ వదిన ఆటోలో తోడు వచ్చి, ఆట అయ్యేదాకా దగ్గుకుంటూ బెంచీ మీద కూర్చునేది. నాకు ఇక ఎన్నేళ్ళు ఆడే శక్తి ఉంటుందో తెలియదు. ఆ చోటు నాకు కావాలనిపించింది. ఈ మాట ముందే చెప్పుకోవడం మంచిది.

నేను క్రైస్తవ సంఘంలో పెరిగినదాన్ని. బ్రెయిలీ నేర్చుకున్నదే బైబిలు వాక్యం చదువుకోవడానికి. పదేళ్ళుగా స్త్రీల కూడికలో వాక్యం చెబుతున్నాను. మోసాన్ని పసిగట్టే వివేచన దేవుడిచ్చే వరమని నాకు నేర్పారు, నేనూ నేర్పాను. అందుకే ఈ అనుమానం పుట్టినప్పుడు దాన్ని అనుమానం అనుకోలేదు. దేవుడు నాకు బయలుపరిచాడనుకున్నాను. ఉదయం ప్రార్థనలో కూడా, ఇది నిజమా అని అడగలేదు. నిజం అందరికీ తెలిసేలా చేయమని అడిగాను.

నా వంతుగా పరీక్షలూ పెట్టాను. ఒకరోజు ఆమె ముందు నిలబడి, ఏమీ మాట్లాడకుండా అరచేతిలో పిప్పరమెంటు పెట్టి చేయి చాచాను. ఆమె తీసుకోలేదు. చూపు లేదు కాబట్టి తీసుకోలేదని ఎవరైనా అనుకుంటారు. నేను మాత్రం, ఎంత జాగ్రత్తగా ఉందో చూడు అనుకున్నాను. తీసుకుని ఉంటే దొరికిపోయేది, తీసుకోకపోతే నటన. నా పరీక్షలో ఆమె నెగ్గే దారే లేదు. అది అప్పుడు నాకు తోచలేదు.

తరువాత వాళ్ళ వదిన దగ్గు మీద పడ్డాను. ఒక దగ్గుకు కుడి, రెండు దగ్గులకు ఎడమ అని గుర్తు పెట్టుకున్నారేమో! ఆమెను గేటు బయట కూర్చోమన్నాను.

"నేనేం జేసినానక్కా? మిరపకాయల కోరు గొంతులో పడి దగ్గొస్తాది" అంది ఆవిడ.

"ఆటలో చప్పుడు కాకూడదమ్మా, అంతే."

ఆవిడ బయటికి పోయింది. ఆ పిల్ల కాళ్ళు మాత్రం ముందే కదులుతూనే ఉన్నాయి.

ఇక మిగిలింది గంత. ఆమె గంత ఇంట్లో కుట్టినది. మరుసటి వారం ఆట ఆపి, నెట్ పట్టుకుని అవతలికి పోయి, ఆమె ముఖం మీద చేయి వేశాను.

"ఏందక్కా, ముక్కు పట్టుకున్నావు?"

"సందులోంచి వెలుతురు వస్తాందేమో చూస్తాండా."

"వస్తే రానీలే! యాడికి పోతాది? నా కండ్లు తలుపు తీస్తే గదా!"

చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. నా వేలికి మాత్రం ముక్కు పక్కన సందు తగిలింది. వేలి కొన దూరేంత సందు.  దొరికింది అనుకున్నాను.

మా కోచ్ కన్నడ మనిషి, తెలుగు కలిపి మాట్లాడతాడు. "నోడ్రీ మేడం, చూడండి, నోటి మాట చాలదు. రిజిస్టర్‌లో రాయాల. రాసినాక కన్ను డాక్టర్ దగ్గరికి మళ్ళీ పంపాల్సి వస్తాది. రాసేదా?"

"రాయండి" అన్నాను. అందరూ విన్నారు. నవ్వులు ఆగిపోయాయి.

ఆ రోజే కోచ్ ఇద్దరికీ కొత్త గంతలు ఇచ్చాడు. కళ్ళ మీద దూది పెట్టి, ప్లాస్టర్ అంటించి, దాని మీద గంత బిగించాడు. మళ్ళీ ఆడాం. నేను "ప్లే" అన్నాను. బంతి ఇంకా నా చేతిలోనే ఉంది. అవతల ఇసుక నలిగింది.

 దూదిలోంచి, ప్లాస్టర్‌లోంచి ఎవరూ చూడలేరు. నా మనసు ఆ మాట ఒప్పుకోకుండా, కోచ్ కూడా ఆమెతో కలిసిపోయాడా అని వెతికింది. ఆయన చేత్తో అంటించిన ప్లాస్టర్ మీద నాకెందుకు నమ్మకం? అంత దూరం పోయాను.

మరుసటి శనివారం నేను తొందరగా వచ్చి దారం తడుముతున్నాను. ఎవరో వచ్చి నా పక్కనే నేల మీద కూర్చున్నారు. మిరప ఘాటు వాసన వచ్చింది.

"అక్కా, నేనే" అంది ఆ అమ్మాయి. "డాక్టరు దగ్గరికి పోయేదానికి నాకు భయం ల్యా. ఎన్నిసార్లన్నా చూడనీ. కానీ ఈడ నువ్వన్న మాట మా ఊరికి పోయింది. నాటకాలది, కండ్లుండి గుడ్డిదాని పింఛను తింటాంది అంటాండారు. మా అమ్మ చేనికి పోతే మొఖం మీదే అడిగినారంట. ఆ మాటకు డాక్టరు మందియ్యడు గదా."

నేను దారం వదిలి ఆమె వైపు తిరిగాను.

"నువ్వు యాడికి కొడతావో నాకెట్లా తెలుస్తాదో చెప్తా. చెప్తే వచ్చే వారం నేను ఓడిపోతా. చెప్పకుంటే నా పేరు పోతాది. అందుకే చెప్తాండా." ఇంకాస్త దగ్గరికి జరిగింది. "నువ్వు ప్లే అనేటప్పుడు కొట్టే దిక్కుకే మొఖం తిప్పుతావక్కా. మాట ఆ పక్కకే పోతాది. మూలకు కొట్టేటప్పుడు మూలకు, నడుమకు కొట్టేటప్పుడు నడుమకు. మొదటి రోజే పట్టేసినా."

"అబద్ధం" అన్నాను.

"సరే, లెయ్. ఈసారి మూల దిక్కు తిరిగి ప్లే అను, నడుమకు కొట్టు."

కొట్టాను. నా మాట మూలకు పోయింది, బంతి నడుమకు పోయింది. ఆమె కాళ్ళు మూల వైపుకే పరుగెత్తాయి. గలగలమంటూ బంతి ఖాళీ స్థలంలో మూడుసార్లు ఎగిరి దొర్లిపోయింది. ఇంకోసారి చేశాను. మళ్ళీ తప్పు వైపుకే పోయింది. మూడోసారి, నాలుగోసారి కూడా చేశాను. అప్పటికీ నాలో ఒక మూల, కావాలనే తప్పు పోతోందేమో అంటూనే ఉంది. అయిదోసారి ఆమె గీత దారానికి కాలు తగిలి పడిపోయింది. మోచేయి గీసుకుపోయింది. అప్పుడు ఆపాను.

చూపు లేని పిల్లలకు బడిలో మొదట నేర్పేది ఇదే. మాట్లాడేటప్పుడు మాట ఎవరికో వాళ్ళ వైపు ముఖం తిప్పాలి, గోడకు చెప్పినట్టు చెప్పకూడదు. నేను తిప్పకపోతే మా టీచరమ్మ గడ్డం పట్టి తిప్పేది. తరువాత కూడికలో వాక్యం చెప్పేటప్పుడు, ఈ వరుసకు కాసేపు, ఆ వరుసకు కాసేపు మాట పంపడం అలవాటైంది. మనసు ఎక్కడుంటే ముఖం అక్కడికి తిరిగిపోతుంది. ఆ పిల్ల చూడలేదు. నా అంత శ్రద్ధగా వినేవాళ్ళు లేరనుకున్నాను, నాకంటే శ్రద్ధగా ఆమె విన్నది.

మరునాడు ఆదివారం, ప్రభువు బల్ల ఆచరించే వారం, అంటే గుడిలో రొట్టె, ద్రాక్షరసం పంచుకునే రోజు. రొట్టె పళ్ళెం మా వరుసకు వచ్చింది. ఒకరికి చేసిన అన్యాయం దిద్దుకోకుండా అది ముట్టకూడదు కాబట్టి, నేను తీసుకోకుండా పక్కకు అందించాను. పక్కనున్న అక్క నా మోచేయి నొక్కి, "ఒంట్లో బాగలేదా?" అని గుసగుసగా అడిగింది. తల ఊపాను. ఆరాధన అయ్యాక పాస్టరు అయ్యగారికి అంతా చెప్పాను. వరం అనుకున్నది వరం కాదని చెబుతూ ఏడ్చాను.  "ఎవరి ముందు అన్నావో వాళ్ళ ముందే వెనక్కి తీసుకో. నా ముందు ఏడిస్తే ఆ పిల్లకేం లాభం?" అన్నారాయన.

పోటీకి మనిషిని తేల్చే శనివారం వచ్చింది. అందరూ చేరాక, నేను చెప్పిన ఫిర్యాదు తప్పని, ఆ అమ్మాయి మోసం చేయలేదని గట్టిగా చెప్పాను. ఎలా తెలిసిందో కూడా చెప్పాను. వాళ్ళ వదినను గేటు లోపలికి పిలిచి క్షమించమన్నాను. "పోనీలేక్కా" అంది ఆవిడ, దగ్గుతూ.

కోచ్ మా ఇద్దరికీ గంతలు బిగించాడు. ఆట మొదలుపెట్టే ముందు ఒకరి గంత ఒకరు తడిమి చూసి, సరిగా ఉందని చెప్పాలి. నా ఫిర్యాదు తరువాత ఆయన పెట్టిన పద్ధతి అది.

"నేను చూడక్కర్లేదు. సరిగానే ఉంది" అన్నాను.

"చూడక్కా." ఆమె గొంతులో నవ్వు లేదు. "చూడకుండా సరే అంటే జాలిపడి వదిలేసినట్టు ఉంటాది. రేపు మళ్ళా ఎవురో ఒకరు అంటారు. బాగా చూసి చెప్పు."

చూశాను. నుదురు, చెంపలు, ముక్కుకు రెండు వైపులా వేలు నడిపాను. ఎక్కడా సందు లేదు. నా చేయి ఆమె ముఖం మీద ఉన్నంతసేపూ ఆమె ఊపిరి బిగబట్టింది. "సరిగా ఉంది" అని అందరికీ వినపడేలా చెప్పాను.

ఆ రోజు నేను నెట్ వైపే ముఖం పెట్టి "ప్లే" అన్నాను. మొదటి సెట్టు గెలిచాను. రెండో సెట్టులో ఆమె మూల వైపు తిరిగి "ప్లే" అని, బంతిని నడుమకు కొట్టింది. నేను మూలకు పరుగెత్తాను. ఇది మోసం కదా అని నా నోటిదాకా వచ్చింది. నిజం చెబుతున్నాను, వచ్చింది. "ప్లే" అని వినపడేలా అనాలనే ఉంది గాని, ముఖం ఎటు పెట్టాలో ఏ నియమంలోనూ లేదు. మాట మింగి ఆడాను. మూడో సెట్టుతో ఆమె గెలిచింది.

ఆట అయ్యాక కోచ్ రిజిస్టర్ తెరిచి, నా ఫిర్యాదు కొట్టేసి కింద రాశాడు. పెన్ను చప్పుడు ఇద్దరం విన్నాం.

"ఏం రాసినారు సార్? చదవండి" అంది ఆ అమ్మాయి.

ఆయన చదివాడు. పరికరాల్లో లోపం లేదని, క్రీడాకారిణి ఏ తప్పూ చేయలేదని.

"ఇంకొకసారి."

మళ్ళీ చదివాడు. ఆమె నా వైపు జరిగి, భుజం భుజానికి తగిలేలా నిలబడి మెల్లగా అడిగింది. "అక్కా, ఆయప్ప రాసిందే చదివినాడంటావా?"

"ఏమో. ఇంకొకరితో చదివిద్దాం పద" అన్నాను.