నాలుగు తుపాకులూ నిమ్మకాయంత చింతపండూ

ఒక్క పూటలో, ఒక్క కొబ్బరి పీచుతో, సాటి మనిషి మోకాలిని సింకులో కడిగి పారబోసిన ఘనత ఈ సింగపూరులో ఎవరికైనా ఉందంటే అది నాకే ఉంది. ఎలాగో చెబుతాను. నవ్వుకోండి, పరవాలేదు. మా ఇంట్లో వాళ్ళు ఆరేళ్ళుగా నవ్వుతూనే ఉన్నారు, ఇంకో నలుగురు నవ్వితే కొత్తగా తరిగేదేమీ లేదు.

అప్పటికి నాకు అరవై రెండేళ్ళు. చిన్నతనం. తెలిసీ తెలియని వయసు.

మా బావగారు, అంటే మా ఆయనకు అన్నగారు, ఓడల మరమ్మతు పని మీద కుర్రతనంలోనే ఇక్కడికి వచ్చి హౌగాంగ్‌లో ఫ్లాటు కొనుక్కుని స్థిరపడ్డారు. కొందరు స్టాంపులు పోగేస్తారు, కొందరు చిల్లర నాణేలు పోగేస్తారు. ఆయన తుపాకులు పోగేశారు. కంగారు పడకండి, పేలేవి కావు. ఏ కాలం నాటివో ఐదు ముసలి తుపాకులు. లోపలి సరంజామా తీయించేసి, పోలీసువారి కాగితాలన్నీ పుచ్చుకుని, హాల్లో అద్దాల బీరువాలో పెట్టుకున్నారు. ఆదివారం పూట బీరువా ముందు కుర్చీ వేసుకుని కూర్చుని వాటిని చూస్తూ కాఫీ తాగేవారు. పెళ్ళాన్ని అంతసేపు ఎప్పుడూ చూడలేదని మా తోడికోడలు సుభద్రక్క అంటుండేది.

వాటి మీద ఎవర్నీ చెయ్యి వేయనిచ్చేవారు కాదు. నేను వెళ్ళినప్పుడల్లా గుడ్డ పట్టుకుని బయల్దేరేదాన్ని. "రాజ్యం, దాని జోలికి మాత్రం వెళ్ళకమ్మా" అనేవారు. మగవాళ్ళకు దుమ్ము అంటే అంత మమకారం ఎందుకో అనుకునేదాన్ని.

ఆయన పోయాక లైసెన్సు సంగతి వచ్చింది. అక్క కొడుకు మురళి ఇక్కడే పుట్టి పెరిగినవాడు, బ్యాంకులో పని. మమ్మల్నిద్దర్నీ కూర్చోబెట్టి చెప్పాడు.

"పిన్నీ, లైసెన్స్ డాడ్ పేరు మీద ఉంది. మనం ఉంచుకోవడానికి లేదు. నెలాఖరులోపు లైసెన్స్ ఉన్నవాళ్ళకి అమ్మాలి. లేదంటే సరెండర్."

"సరెండర్ అంటే?"

"పోలీసులకి ఇచ్చేయడం."

"ఎంతిస్తారు?"

"ఏమీ ఇవ్వరు లా," అన్నాడు, మాట చివర ఈ ఊరివాళ్ళ ఊతపదం తగిలిస్తూ.

ఊరికే ఇచ్చేయడం అనే మాట మా వంశంలో లేదు. నేను అరటిపండు తొక్కు కూడా మొక్కకు వేశాకే వదిలిపెట్టే మనిషిని. పైగా అక్కకు మోకాళ్ళు రెండూ అరిగిపోయాయి. లిఫ్టు దాకా నడవాలంటే గోడ పట్టుకోవాలి. రెండూ మార్పించాలన్నారు డాక్టరు. కొడుకును అడగదు, వాడికి ఇంటి అప్పుంది. "ఆయన వస్తువులు అమ్మగా వచ్చిన దాంతో చేయించుకుంటాను, ఎవరికీ రుణపడను" అని పట్టు పట్టింది. కాబట్టి ఆ బీరువాలో ఉన్నవి తుపాకులు కావు. అక్క మోకాళ్ళు.

మురళి ఎక్కడెక్కడో అడిగి గో అనే చైనా పెద్దాయనను పట్టాడు. పాత తుపాకులు కొని అమ్మే లైసెన్సు ఆయనకు ఉంది. ఫోటోలు చూసి, ఫోనులోనే ఒక ధర చెప్పాడు. రెండు మోకాళ్ళకూ సరిపోయి, నెల రోజుల పథ్యానికి కూడా మిగిలే ధర. శనివారం స్వయంగా వచ్చి చూసి తీసుకువెళ్తానన్నాడు.

సరిగ్గా ఆ గురువారం ఆయుధపూజ పడింది.

నేను పొద్దున్నే వుడ్‌ల్యాండ్స్‌లో మా అబ్బాయి ఇంట్లో బయల్దేరి, రైలూ బస్సూ మారి హౌగాంగ్ చేరాను. మురళి వాళ్ళమ్మను మోకాలి ఫోటోలకని ఆస్పత్రికి తీసుకువెళ్తున్నాడు. అక్క వెళ్తూ వెళ్తూ బీరువా తాళం నా చేతిలో పెట్టింది.

"ఆయన ఏటా చేసేవారు రాజ్యం. ఈ ఒక్క ఏడూ చేద్దాం. ఒక్కో దానికీ ఓ బొట్టూ ఓ పువ్వూ పెట్టు, చాలు."

ఆ "చాలు" దగ్గర నేను ఆగిపోయి ఉంటే ఈ కథ లేదు.

బీరువా తీసి చూశాను కదా, ప్రాణం ఉసూరుమంది. ఇనుమంతా నల్లగా, గోధుమరంగుగా, మాడిన పెనంలా ఉంది. ఇత్తడి కట్లు పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. పొడుగు తుపాకీ మడమకు చిరుగు కాగితం ఒకటి అతికించి ఉంది, దాని మీద వెలిసిపోయిన సిరాతో ఏదో గిలుకుడు. ఇలాంటి వాటికా పూజ? పైగా ఎల్లుండి బేరం. ఇంటికి పెళ్ళివారు వస్తుంటే పిల్లకు మొహం కడగకుండా కూర్చోబెడతామా? తళతళలాడేట్టు చేసి పెడితే ఆ గో గారు ఇంకో రెండు నోట్లు ఎక్కువ వేయడూ?

చీర కుచ్చిళ్ళు ఎగదోపాను.

మనకు తెలిసిన విద్య ఒక్కటే. ఇండియా నుంచి తెచ్చుకున్న చింతపండు డబ్బాలోంచి నిమ్మకాయంత తీసి, ఉప్పు వేసి పిసికి, కొబ్బరి పీచు అందుకున్నాను. ఒక్కో తుపాకీనీ సింకులో పడుకోబెట్టి, పసిపిల్లకు నలుగు పెట్టినట్టు పెట్టాను. మా అత్తగారి ఇత్తడి బిందెను కూడా అంత శ్రద్ధగా తోమలేదు. నల్లటి నీళ్ళు ధారగా పోతుంటే ఎంత తృప్తి అనుకున్నారు. ఆ చిరుగు కాగితాన్ని వేడినీళ్ళలో నానబెట్టి చెంచా అంచుతో గీకేశాను. జామ్ సీసాల కాగితాలు నలభై ఏళ్ళుగా అలాగే గీకుతున్నాను, ఒక్కటీ నా చేతిలోంచి తప్పించుకోలేదు. కర్ర భాగానికి చివర్లో కొబ్బరినూనె కూడా రాశాను.

నాలుగు అయ్యాయి. ఐదోది గుప్పెడంత బుల్లి పిస్తోలు, అన్నిటికన్నా మురికిది. దాని పిడికీ ఒక కాగితం ఉంది. పీచు ఎత్తాను. గిన్నెలో చూస్తే చింతపండు పిప్పి తప్ప రసం లేదు. డబ్బాలో మిగిలింది మర్నాటి పులిహోరకు మాత్రమే వస్తుంది. ఈ ఊళ్ళో చింతపండు ధర మీకు తెలుసు కదా. ఒక పిస్తోలు కోసం పులిహోర మానుకునేంత దుబారా మనిషిని కాను. దాన్ని పాత తువ్వాలులో చుట్టి, ఎవరి కంటా పడకుండా బియ్యం డబ్బా వెనక దోపేశాను.

మిగతా నాలుగింటినీ కారిడార్ వైపు ఉన్న వంటింటి కిటికీ దగ్గర ఎండకు ఆరబెట్టాను. పొడుగుది లోపల పట్టలేదు. దాని మూతి ఓ జానెడు కిటికీ చువ్వల్లోంచి బయటికి వచ్చింది. అప్పుడే పక్కింటి ఫాతిమా మార్కెట్ సంచీతో వచ్చింది. తుపాకీ మూతిని చూసింది. దాని వెనక నన్ను చూసింది.

"ఆంటీ, వాట్ ఈజ్ దిస్?"

"వాషింగ్," అన్నాను నేను. "నౌ డ్రైయింగ్."

ఆవిడ సంచీ గుండెలకు హత్తుకుని, గోడకు ఆనుకుని పక్కపక్కగా నడుచుకుంటూ ఇంట్లోకి వెళ్ళి గడియ వేసుకుంది. ఆ తరవాత నెల రోజులు నేను కనబడితే లిఫ్టు ముందు నాకే వదిలేది.

మధ్యాహ్నం మురళి అక్కను లిఫ్టు దగ్గర దింపి ఆఫీసుకు పోయాడు. అక్క గోడ పట్టుకుని లోపలికి వచ్చి బీరువా చూసి నిలబడిపోయింది. నాలుగూ గంధం, కుంకుమ, బంతిపూలతో పెళ్ళికొడుకుల్లా మెరుస్తున్నాయి.

"ఆయన ఉండగా ఒక్కనాడూ ఇంత కళగా లేవే," అంది కళ్ళు తుడుచుకుంటూ. ఆ తడిలో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టలేదు.

నేను కొంగు సర్దుకున్నాను. పొగిడితే అడ్డు చెప్పడం నా అలవాటు కాదు.

శనివారం గో గారు వచ్చాడు. డెబ్బై దాటిన బక్కపలచటి మనిషి. సోఫాలో కూర్చుని, జేబులోంచి తెల్లటి చేతి తొడుగులు తీసి, ఒక్కో వేలూ సర్దుకుంటూ తొడుక్కున్నాడు. మురళి బీరువా తలుపు తీశాడు. గో గారు అటు చూశాడు. మళ్ళీ ఒక్కో వేలూ లాగి తొడుగులు విప్పేసి జేబులో పెట్టుకున్నాడు.

"హూ వాష్?" అన్నాడు.

"మీ వాష్," అన్నాను. ఆయన ఇంగ్లీషూ నా ఇంగ్లీషూ ఒకే బడిలో చదివినట్టుంటాయి, మాకు దుబాసీ అక్కర్లేకపోయింది.

"యూజ్ వాట్?"

చింతపండు డబ్బా తెచ్చి చూపించాను. వాసన చూశాడు.

"అసమ్? ఫిష్ కర్రీలో వేసే అసమ్?" ఈ ఊళ్ళో చింతపండును అలాగే అంటారు.

"గుడ్ అసమ్. ఫ్రమ్ ఇండియా."

ఆయన మంచినీళ్ళు అడిగాడు. మజ్జిగ ఇచ్చాను, వేసవి కదా అని. సింగపూరులో ఎప్పుడూ వేసవే.

మజ్జిగ తాగి, మురళికి నెమ్మదిగా చెప్పాడు. మురళి పాలిపోయిన మొహంతో నాకు చెప్పాడు.

"పిన్నీ, ఆ నలుపే దాని ధర అంట. అలా పట్టడానికి రెండొందల ఏళ్ళు పడుతుందంట."

"నాకు రెండు గంటలు పట్టింది వదలగొట్టడానికి," అన్నాను, ఇంకా పరిస్థితి అర్థం కాక.

"పొడుగుదాని మీద పేపర్ ఉండాలి కదా. ఎవరి తుపాకీయో రాసిన పేపర్. అదేది?"

"ఆ చిత్తుకాగితమా? చెత్త గొట్టంలో వేశాను."

తొమ్మిదో అంతస్తు నుంచి చెత్త తిన్నగా నేలకు పోయే గొట్టం అది. గురువారం వేసింది. మురళి అటు రెండడుగులు వేసి, మళ్ళీ వచ్చి కూర్చున్నాడు.

నాలుగింటికీ కలిపి గో గారు చెప్పిన కొత్త ధరకు మోకాలు కాదు కదా, మోకాలికి రాసే మందు రెండు సీసాలు వస్తాయి. అక్క మోకాళ్ళ మీద చీర సర్దుకుని, వాటి మీద రెండు చేతులూ పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూసింది. తిట్టినా బాగుండేది. నా జన్మలో నేను నేల చూపులు చూసింది ఆ రోజే.

ఇంతలో గో గారు చేతిలో ఉన్న జాబితా చూసుకుని, "ఫైవ్ పీస్ లా. వన్ మోర్ వేర్?" అన్నాడు.

"పిన్నీ, ఐదోది ఏది?"

"అది వద్దురా. దాన్ని తోమలేదు. ఆ మురికి చూపిస్తే ఉన్న పరువు కూడా పోతుంది."

"పిన్నీ, ప్లీజ్. ఎక్కడుంది?"

బియ్యం డబ్బా వెనకనుంచి తువ్వాలు మూట తెచ్చి, మొహం పక్కకు తిప్పుకుని బల్ల మీద పెట్టాను. గో గారు మూట విప్పాడు. జేబులోంచి తొడుగులు మళ్ళీ బయటికి వచ్చాయి. భూతద్దం పెట్టి ఆ మురికినంతా అంగుళం అంగుళం చూశాడు. పిడి మీది కాగితాన్ని పెదాలు కదుపుతూ చదివాడు.

"దిస్ వన్, వై నెవర్ వాష్?"

"అసమ్ ఫినిష్," అన్నాను.

ఆ పెద్దాయన దగ్గు వచ్చేదాకా నవ్వాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ నవ్వాడు. తరవాత ఆ ఒక్క బుల్లి పిస్తోలుకు ఒక ధర చెప్పాడు. మురళి రెండోసారి చెప్పించుకున్నాడు. ఒక మోకాలికి నిండుగా సరిపోయే ధర.

ఒకటే. రెండోది నా చింతపండు రసంతో హౌగాంగ్ డ్రైనేజీలోకి పోయింది.

వెళ్తూ వెళ్తూ గో గారు గుమ్మం దగ్గర ఆగి మురళికి ఒక మాట చెప్పాడు. ఇంకెప్పుడైనా ఎవరి ఇంట్లోనైనా పాత తుపాకీ ఉందని తెలిస్తే తనకు ఫోను చేయమన్నాడు. "బట్ కాల్ మీ ఫస్ట్. దెన్ టెల్ ఆంటీ."

అక్కకు ఎడమ మోకాలు ఆ నెలలోనే మార్చారు. కుడి మోకాలు మరో ఏడు నెలలకు. దానికి నేను రహస్యంగా కట్టుకుంటున్న చీటీ పాడాను. మా ఆయనకు కూడా తెలియని చీటీ అది. అక్క వద్దని పోట్లాడింది. "నేను కడిగిన మోకాలు నేనే పెట్టిస్తాను, నువ్వు నోరు మూసుకుని మంచమెక్కు" అన్నాను. అప్పటినుంచి ఎవరు పలకరించినా అక్క లెక్క అప్పజెబుతుంది. ఎడమ కాలు ఆయన పెట్టించింది, కుడి కాలు రాజ్యం పెట్టించింది అని.

ఆ రెండో ఆపరేషన్ ముందు డాక్టరు మాకు అర్థం కావడానికని నమూనా మోకాలొకటి బల్ల మీద పెట్టాడు. ఉక్కుదే, కానీ చేతులు మారీ మారీ కాస్త మసకబారి ఉంది. నేను దాన్ని ఊరికే, ఉత్తినే, చూద్దామని చెయ్యి చాచాను.

"రాజ్యం," అంది అక్క, "చేతులు ఒళ్ళో పెట్టుకో. దీన్ని మాత్రం తోమకు."

అందుకని ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. సూర్యచంద్రుల సాక్షిగా, వుడ్‌ల్యాండ్స్ నుంచి హౌగాంగ్ దాకా ఉన్న బంధువర్గం సాక్షిగా, ఇకమీదట ఎవరు కాలం చేసినా వారి తుపాకుల మీద గానీ కత్తుల మీద గానీ నా పీచు పడదు. మసి ఉంటే ఉండనిస్తాను. చిరుగు కాగితం ఉంటే దండం పెట్టుకుంటాను.

ఇత్తడి చెంబుల విషయంలో మాత్రం నన్నెవరూ ఒట్టు అడగవద్దు.