అవ్వ కొత్తింట్లో పాలు పొంగిన రోజు

బోధన్ దగ్గర ఓ పల్లెలో ఒక సేవాసంస్థ ఇళ్లు కట్టిస్తుంటే వార్త కోసం వెళ్లాను. అక్కడ ఒక అవ్వకు ఇల్లు పూర్తయినా ఆమె ఇంకా కారే గుడిసెలోనే ఉంటోంది. కళ్లకు శుక్లాలు.

“పాలు పొంగేది నా కండ్లతోని సూడకుంటే గదేం గృహప్రవేశం?” అంది.

సంస్థవాళ్లే నిజామాబాద్ తీసుకెళ్లి ఆపరేషన్ చేయించారు. నెల దాటాక, కొత్తింట్లో పొయ్యి మీద పాలు పెట్టే రోజున నన్నూ పిలిచారు. అవ్వ గిన్నె ముందే కూర్చుంది గానీ చూపంతా జనం మీదే. మనవరాలికి చదువు చెప్పే సంస్థ టీచరమ్మను తేరిపార చూసి, “గింత సిన్నపిల్లవా! గొంతు ఇని ముసల్దానివనుకున్న,” అంది. తర్వాత నా వైపు తిరిగింది.

“పేపర్ సారూ, నీ నెత్తేంది గింత తెల్లగైంది?”

అందరం పగలబడి నవ్వుతుంటే వెనక పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. అవ్వ మొహం చిన్నబోయింది.

“పొంగాయి కదా అవ్వా,” అన్నాను.

“మీరు సూసిండ్రు, నేను సూడలే. ఇంకో లీటర్ తెండ్రి.”

రెండోసారి ఎవరమూ నోరు మెదపలేదు. అవ్వ రెప్ప వేయలేదు. నురగ అంచు దాటగానే చప్పట్లు కొట్టింది.

“పొంగినయ్! ఇగ గుడిసెల సామాను తెండ్రి.”