సగం దించిన షట్టర్

ఆ రోజుల్లో హైదరాబాదులో నేర్చుకున్నదంతా సూర్యాపేటకు తెచ్చి పెట్టాలని నాకు మహా ఆత్రంగా ఉండేది. పెళ్లి జాకెట్ల మీద జరీతో, పూసలతో మగ్గం పని చేయించే చిన్న దుకాణం తెరిచాను. పనికి లోటు లేదు, బాధంతా వచ్చేవాళ్లతోనే. ఒక్క పెళ్లికూతురు వస్తే వెంట తల్లి, పిన్ని, పక్కింటావిడ, బస్సులో పరిచయమైన ఇంకొకావిడ కూడా వచ్చేవాళ్లు. మిర్యాలగూడ నుంచి వచ్చిన ఒక గుంపు పొద్దంతా కూర్చుని, నెమలా హంసా అని కొట్లాడుకుని, ఏదీ తేలక, నా మంచినీళ్ల క్యాన్ ఖాళీ చేసి వెళ్లిపోయింది. ఆ సాయంత్రమే తీర్మానించుకున్నాను: ఇకనుంచి అపాయింట్‌మెంట్ ఉన్నవాళ్లే రావాలి, పూటకు ఒక్క పెళ్లివారే. (నేను పని నేర్చుకున్న చోట అలాగే ఉండేది. అక్కడ కాఫీ కూడా ఇచ్చేవాళ్లు. నేను కాఫీ దాకా పోలేదు.)

నాన్నది తుంగతుర్తి దగ్గర ఊరు. గొర్రెల మంద, కొంచెం పొలం. ఈ సంగతి చెబితే ఆయన, దుకాణానికి వచ్చేవాళ్లను రావద్దనడం ఏం బేరమని అడిగాడు. నేను వివరించాను. ఆయన మళ్లీ అదే అడిగాడు. చివరికి ఒక మాట తేల్చాడు.

"ఈ పెళ్లిళ్ల సీజన్ దాకా సూస్త. నడిస్తే నడిపియ్యి. లేకుంటే బంద్ జేసి బీఈడీల చేరు."

సీజన్ సగం గడిచినా నా పద్ధతికి ఎవరూ దొరకలేదు. ఫోన్ చేసినవాళ్లు "ఉంటవా?" అని అడిగి పెట్టేసి, మరుసటి వారం వచ్చేవాళ్లు. టైము చెబితే అది వర్జ్యమనేవాళ్లు. ఇక బీఈడీయే గతి అనుకుంటుండగా కోదాడ నుంచి ఒక మేడమ్ ఫోన్ చేసింది. కూతురి పెళ్లికి ఇంట్లో ఆడవాళ్లందరి జాకెట్లూ నాకే ఇస్తామంది. గురువారం పదకొండు గంటలకు వస్తామని తనే టైము చెప్పింది.

ఆ గురువారం మధ్యలో ఇంకెవరూ దూరకుండా పొద్దున్నే షట్టర్ సగం దించాను. అపాయింట్‌మెంట్ బోర్డు లోపలి గాజు తలుపు మీద ఉంది. షట్టర్ దించితే బోర్డు దాని వెనక్కి పోతుందని తట్టలేదు. మర్యాద కోసం ఫోన్ సైలెంట్‌లో పెట్టాను. ఇంకో సంగతీ మరిచాను. ఈ చుట్టుపక్కలే పుట్టి పెరిగినదాన్ని, దీనికి సాకేమీ లేదు. మా బజారులో పట్టపగలు షట్టర్ సగం దించి ఉందంటే, ఆ దుకాణం వాళ్లింట్లో ఎవరో పోయినట్టు.

ముందుగా పక్కన మిర్చిబజ్జీలు వేసే పెద్దమ్మ వంగి లోపలికొచ్చింది. నేను సోఫా దులుపుతూ, వెనక్కి తిరగకుండానే, అపాయింట్‌మెంట్ ఉందా అని అడిగాను.

"ఏడ్వనీకి గూడ అపాయింట్‌మెంటా బిడ్డా? మీ నాయినేనా పోయింది?"

మా నాన్నకు ఏమీ కాలేదన్నాను. దుఃఖంలో ఉన్నవాళ్లు మొదట అలాగే అంటారని ఆమెకు అనుభవం. నా చెయ్యి పట్టుకుని కింద కూర్చోబెట్టింది. ఇంకొందరు ఆడవాళ్లు వంగి వంగి వచ్చి, నా శాంపిల్ గుడ్డలు పక్కకు జరిపి, గోడ వారన చేరారు. ఒకావిడ అందరికీ టీ తెప్పించింది. నేను ఎంత కాదంటే వాళ్లు అంత జాలిపడ్డారు.

అక్కడ మా ఊళ్లో ఇంకో కథ నడుస్తోందని తర్వాత తెలిసింది. మా ఊరాయన ఒకడు బస్సు దిగి వస్తూ నా షట్టర్ చూసి, ఎవరు పోయారని నాన్నకే ఫోన్ చేశాడు. నాన్న ఇంటి మనుషుల్ని లెక్క చూసుకున్నాడు. తాను ఉన్నాడు. అమ్మ పొయ్యి దగ్గరుంది. తమ్ముడు పొలంలో కనబడుతున్నాడు. సూర్యాపేట పక్కనే చివ్వెంలలో ఉండే మేనత్త ఫోన్ ఎత్తింది. ఎత్తనిది నేనొక్కదాన్నే.

కోదాడవాళ్లు సరిగ్గా చెప్పిన టైముకే వచ్చారు. (టైముకు వచ్చిన పెళ్లివారిని చూడటం నాకదే మొదలు.) తల్లి, పెళ్లికూతురు, అమ్మమ్మ. వంగి లోపలికి చూసి అక్కడే ఆగిపోయారు.

"ఏమ్మా, జరగరానిదేమన్నా జరిగిందా? మేం ఇంకోసారి వస్తాంలే," అంటూ తల్లి పెళ్లికూతురిని వెనక్కి లాగింది.

పెళ్లి పనికి బయల్దేరి ఏడుపింట్లో అడుగుపెట్టాల్సి వస్తే ఏ తల్లయినా అదే చేస్తుంది. నాకు బీఈడీ కాలేజీ గేటు కళ్లముందు కనబడింది. అంతలో వీధి మొదట్లో మేనత్త గొంతు వినబడింది. మా మేనత్త శోకం మొదలుపెడితే చిన్నప్పుడు నేను తిన్న జొన్నరొట్టెల దాకా అన్నీ అందులోకి వస్తాయి. ఆటో దిగి, రాగం ఆపకుండానే షట్టర్ కింద దూరి, లేచి చూస్తే ఎదురుగా నేను. రాగం ఆగింది. నన్ను తల నుంచి కాళ్ల దాకా తడిమింది. వీపు మీద ఒక్కటిచ్చింది. అప్పుడు నిజంగా ఏడ్చింది.

సంగతంతా బయటపడ్డాక మొదట నవ్వింది కోదాడ అమ్మమ్మ. మనవరాలి చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చి సోఫాలో కూర్చోబెట్టింది.

"బతికున్న మనిషి పోయిందని కబురొస్తే ఆయుష్షు పెరుగుద్దంటారు. నిండు నూరేళ్లు బతికే పిల్ల చేత్తో జాకెట్ చేయించుకుంటే ఇంతకన్నా శకునం ఏం కావాలే?"

పెళ్లికూతురి భుజం కొలుస్తుండగా నాన్న వచ్చాడు. అందరిలా వంగలేదు. రెండు చేతులతో షట్టర్ పైదాకా నెట్టేశాడు. కాళ్లకు చెప్పుల్లేవు. మెడలో టేపుతో నేను ఆయనతో అన్న మొదటి మాట, "కస్టమర్లున్నరు నాయినా." ఆయన తలూపి, బయటి మెట్టు మీద కూర్చున్నాడు. వాళ్లు వెళ్లేదాకా కదల్లేదు.

"నీ అపాయింట్‌మెంట్ నువ్వు పెట్టుకో బిడ్డా. షట్టర్ మాత్రం మొత్తం లేపు," అన్నాడు వెళ్లేముందు. బీఈడీ మాట మళ్లీ ఎత్తలేదు.

ఇప్పటికీ దుకాణం అపాయింట్‌మెంట్ మీదే నడుస్తోంది. సూర్యాపేటకు పని మీద వస్తే నాన్న కూడా ముందురోజు ఫోన్ చేసి, జర టైమ్ ఇస్తవా అని అడుగుతాడు. వచ్చి ఆ మెట్టు మీదే కూర్చుంటాడు. ఆనాడు మెడలో టేపు తీయకుండా నిలబడ్డ ఆ పిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది. టేపు అక్కడ పడేసి బయటికి పోవే అని చెప్పాలనిపిస్తుంది. రోజూ పొద్దున షట్టర్ పైదాకా నెట్టి ఆయనకు ఫోన్ చేస్తాను. లేపినవా అంటాడు, లేపిన అంటాను, అంతే. ఒక్కోరోజు మంద వెంట పోయి ఆయన ఫోన్ ఎత్తడు. ఎత్తేదాకా ఇప్పుడు నేను లెక్క చూసుకుంటూ ఉంటాను.